వలసకాలపు అమెరికా కుటుంబ మూలాలు వెతకడం ఎలా: లింకన్ వంశం ఉదాహరణగా

అమెరికాలో పాతకాపు కుటుంబాల్లో చాలామంది ఇళ్లలో ఒక కథ ఉంటుంది: మా మూలపురుషుడు 1630ల్లో ఫలానా ఓడలో దిగాడని. ఇంటిపేరు కొట్టి చూస్తే ఆ ఓడ దాకా సాఫీగా వెళ్లిపోయే వంశవృక్షం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కూడా. దాన్ని అలాగే దించుకోవద్దు. అందులోని మనుషులు నిజంగా బతికినవాళ్లే కావచ్చు, తేదీలూ సరైనవే కావచ్చు. తప్పు ఎక్కువగా రెండు పేర్లను కలిపే గీతలో దాక్కుంటుంది. "ఇతను అతని కొడుకు" అని చెప్పే కాగితం ఏది? తరం తరం దగ్గరా ఈ ప్రశ్న అడుగుతూ వెనక్కి నడవడమే ఈ పని.

అబ్రహం లింకన్ వంశాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1859లో తన గురించి రాసిచ్చిన చిన్న పరిచయంలో ఆయనకు తెలిసింది ఇంతే: తాత వర్జీనియా నుంచి కెంటకీ వచ్చాడు, అంతకుముందువాళ్లు పెన్సిల్వేనియాలోని బర్క్స్ కౌంటీ వాళ్లు. న్యూ ఇంగ్లండ్‌లోని లింకన్లతో చుట్టరికం తేల్చుదామని చూస్తే ఈనక్, లీవై, మార్డికై, సాలమన్, అబ్రహం వంటి పేర్లు రెండు వైపులా ఉన్నాయన్నంత వరకే తేలిందని రాశాడు. లాయరు కదా, ఆగాల్సిన చోటే ఆగాడు. తర్వాతివాళ్లు వీలునామాలు, దస్తావేజులు పట్టుకుని మిగతా దారి తవ్వారు: కెంటకీ నుంచి వర్జీనియా, అక్కణ్నుంచి పెన్సిల్వేనియా, న్యూ జెర్సీ, మసాచుసెట్స్‌లోని హింగమ్, చివరికి ఇంగ్లండ్ నార్ఫోక్‌లోని హింగమ్. ప్రెసిడెంటుతో కలిపి ఏడు తరాలు.

మొదలుపెట్టే ముందు

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. మనిషికి ఒక వరస కాదు, కాగితానికి ఒక వరస. గడులు: ఎవరు, ఏం జరిగింది, తేదీ (కాగితంలో ఉన్నది ఉన్నట్టు), ఊరు, అప్పటి కౌంటీ, పుస్తకం-పేజీ, అసలా నకలా, ఆ మాట చెప్పింది ఎవరు. ఆఖరి గడిని అందరూ వదిలేస్తారు, దాని విలువే ఎక్కువ. మరణ ధ్రువపత్రంలో చనిపోయిన తేదీ డాక్టరు రాసింది, గట్టిది. అదే కాగితంలో చనిపోయినావిడ తల్లి పుట్టింటి పేరు అల్లుడు చెప్పి ఉంటాడు. అత్తగారి తల్లిది ఏ ఇల్లో అతనికి తెలిసే అవకాశం ఎంత?

ఇంట్లో పాత బైబిల్ ఉంటే పుట్టుకల పేజీతో పాటు ముద్రణ సంవత్సరం ఉన్న పేజీనీ ఫొటో తీయండి. 1840లో అచ్చయిన బైబిల్లో 1790 నుంచి పుట్టుకలన్నీ ఒకే చేతిరాతలో, ఒకే సిరాలో ఉంటే అవి తర్వాతెప్పుడో గుర్తుచేసుకుని ఎక్కించినవి. పనికిరావని కాదు, బలం తక్కువ.

మనుషులకు నంబర్లివ్వడం తేలికే. ఎవరి వంశమో వాళ్లు 1. ఎవరి నంబరునైనా రెట్టింపు చేస్తే తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. తరానికి సుమారు 30 ఏళ్లు వేసుకుంటే 1950 నుంచి 1630కి పది, పదకొండు తరాలు. పదో తరం పైన 1024 గడులుంటాయి. అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఒక్కటీ తేలదు కాబట్టి ఒక గీత ఎంచుకోండి. చిన్న ఊళ్లలో దగ్గరి పెళ్లిళ్ల వల్ల ఒకే దంపతులు రెండు మూడు గడుల్లో తేలడమూ మామూలే.

1950 నుంచి 1850 దాకా

ఇది తేలిక భాగం. అమెరికా జనగణన పేర్లు 72 ఏళ్ల తర్వాతే బయటపెడతారు, 1950ది 2022లో వచ్చింది. అక్కణ్నుంచి పదేళ్ల చొప్పున వెనక్కి రండి. 1890ది దాదాపు మొత్తం పోయింది, 1921 అగ్నిప్రమాదమే అందుకు మూలం. ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో మొదటిసారి రాసింది 1880లో. అంతకుముందు గణనల్లో ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషిని భార్య అనీ, పిల్లల్ని ఆమె పిల్లలే అనీ రాసేసుకోకండి. ఇంట్లో ఉన్న స్వేచ్ఛా పౌరులందరి పేర్లూ మొదటిసారి కనిపించేది 1850లో. బానిసత్వంలో ఉన్నవాళ్లకు 1850, 1860 జాబితాల్లో వయసు, ఆడా మగా, రంగు రాశారే తప్ప పేర్లు రాయలేదు. వాళ్లందరూ పేర్లతో కనిపించేది 1870లోనే.

1850కి అవతల: అసలు గోడ

ఆన్‌లైన్ వంశవృక్షాలు ఎక్కువగా విరిగేది 1780, 1850 మధ్యనే. స్వాతంత్ర్య యుద్ధం అయ్యాక జనం గుంపులుగా పడమటికి కదిలారు. కొత్త చోట్ల రికార్డులు పలచన. జనగణనలో ఇంటి యజమాని పేరు, మిగతావాళ్లకు వయసు గడుల్లో అంకెలు, అంతే.

ఆ అంకెలతోనూ చాలా పని జరుగుతుంది. ఒకాయన 1800లో 26-44 గడిలో ఉన్నాడనుకోండి: 1755, 1774 మధ్య పుట్టి ఉండాలి. 1810లో "45, ఆపైన" గడిలో ఉన్నాడు: 1765 లోపు పుట్టాడు. 1830లో 60-69 గడిలో: 1760, 1770 మధ్య. మూడూ ఒకదాని మీద ఒకటి పెడితే 1760-1765 మిగులుతుంది. ఇప్పుడు 1748లో బాప్టిజం అయిన అదే పేరువాడిని ఎవరైనా అంటగడితే పక్కకు తోసేయొచ్చు. అయితే ఇంట్లో అందరికన్నా పెద్ద మగమనిషి యజమానే కానక్కర్లేదు. ముసలి తండ్రో మామో ఉండొచ్చు. అందుకే ఒక్క గణన చూసి తేల్చకూడదు.

1790 జాబితాల్లో వర్జీనియా, న్యూ జెర్సీ, డెలవేర్, జార్జియా వంటివి లేవు. వర్జీనియాకి 1780ల పన్ను జాబితాలు ఆ లోటు తీరుస్తాయి. పన్ను జాబితా ఏటా ఉంటుంది కాబట్టి జనగణన కన్నా సూక్ష్మంగా చెబుతుంది: ఒక ఏడు కుర్రాడు కొత్తగా పన్నుకు వస్తాడు, ఇంకో ఏడు తండ్రి పేరు పోయి "ఎస్టేట్" అని పడుతుంది, అంటే ఆయన చనిపోయాడన్నమాట.

ఆ స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాడైతే పింఛను ఫైలు ఈ గోడకు తలుపు. 1818 చట్టం పేద సైనికులకు, 1832 చట్టం ఇంకా ఎక్కువమందికి, 1836 నుంచి వచ్చినవి వితంతువులకు పింఛనిచ్చాయి. పెళ్లి రుజువు చేయాల్సి రావడంతో కొందరు వితంతువులు బైబిల్ పేజీలే చింపి పంపారు, అవి ఇప్పటికీ నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్లలో ఉన్నాయి. సైనికుడి వాంగ్మూలంలో పుట్టిన ఊరు, యుద్ధం తర్వాత కాపురమున్న ఊళ్లు వరసగా ఉంటాయి. ఆ ఊళ్ల వరసే మీ తర్వాతి వెతుకులాటకు పటం.

కౌంటీ గీతలు కదులుతాయి

రికార్డు ఊరిని కాదు, ఆ రోజున్న పరిపాలన గీతను అనుసరించి ఉంటుంది. లింకన్ ముత్తాత జాన్ 1768లో వర్జీనియాలోని లిన్‌విల్ క్రీక్ దగ్గర స్థిరపడ్డాడు. ఆ చోటు ఇప్పుడు రాకింగ్‌హమ్ కౌంటీ, కానీ ఆ కౌంటీ పుట్టింది 1778లో. అంతకుముందు కాగితాలు అగస్టా కౌంటీలో వెతకాలి. పైగా రాకింగ్‌హమ్ రికార్డులు కొన్ని 1864లో అంతర్యుద్ధంలో కాలిపోయాయి. జాన్ తండ్రి మార్డికై పెన్సిల్వేనియాలో 1736లో చనిపోయాడు. ఊరు ఇప్పుడు బర్క్స్ కౌంటీలో ఉంది, ఆ కౌంటీ ఏర్పడింది మాత్రం 1752లో. ఇంకా వెనక్కి వెళ్తే హింగమ్ ఇప్పుడు ప్లిమత్ కౌంటీలో ఉన్నా, వలసకాలంలో బాస్టన్ కేంద్రంగా ఉన్న సఫోక్ కౌంటీ కింద ఉండేది.

ప్రెసిడెంటు తల్లిదండ్రుల పెళ్లి కాగితం కథ కూడా ఇదే. ఆయన పుట్టిన చోటు అప్పట్లో హార్డిన్ కౌంటీలో ఉంది కాబట్టి అక్కడ వెతికారు, దొరకలేదు. థామస్ లింకన్, నాన్సీ హాంక్స్‌ల పెళ్లి 1806 జూన్ 12న జరిగింది పక్కన ఉన్న వాషింగ్టన్ కౌంటీలో. ప్రెసిడెంటు చనిపోయాకే అది బయటపడింది. పెళ్లి చాలావరకు పెళ్లికూతురి వైపు కౌంటీలోనే జరుగుతుంది. ముందు అక్కడే చూడండి.

షికాగోలోని న్యూబెరీ లైబ్రరీ తయారుచేసిన చారిత్రక కౌంటీ సరిహద్దుల అట్లాస్ ఉచితం. తేదీ ఇస్తే ఆ రోజు గీతలు చూపిస్తుంది. ఇంకో మెలిక: మసాచుసెట్స్‌లో దస్తావేజులు కౌంటీలో ఉంటాయి. కనెటికట్, రోడ్ ఐలండ్, వర్మాంట్‌లలో టౌన్ క్లర్కు దగ్గరుంటాయి. మెయిన్ 1820 దాకా మసాచుసెట్స్‌లో భాగం, కెంటకీ 1792 దాకా వర్జీనియాలో భాగం.

వీలునామా, దాని వెనక ఉన్న కట్ట

వీలునామా ఒక్కటి చదివి వదిలేయడం అందరూ చేసే పొరపాటు. కట్ట మొత్తం తీయించండి: వీలునామా, ఎస్టేట్ బాధ్యత తీసుకున్నవాళ్ల బాండు, ఆస్తి పట్టీ, జమాఖర్చు, పంపకం. వీలునామా లేకుండా పోయినవాడి పంపకం కాగితంలోనే పిల్లల పేర్లన్నీ, పెళ్లయిన కూతుళ్ల భర్తల పేర్లతో సహా, దొరుకుతాయి.

ఇక్కడ చట్టం తెలియకపోతే దారి తప్పుతారు. మసాచుసెట్స్‌లో వలసకాలంలో వీలునామా లేకపోతే పెద్ద కొడుక్కి రెండు వాటాలు. అంటే ఆరుగురు పిల్లలుంటే ఏడు వాటాలు. తర్వాతెప్పుడో ఒక కూతురు "నాన్నగారి ఆస్తిలో నా ఏడో వంతు" అమ్మితే తోబుట్టువులు ఏడుగురని లెక్క వేసుకోకండి, ఆరుగురే. భార్యకు భూమిలో మూడో వంతు, అదీ బతికున్నంత కాలమే. అందుకే అమ్మకాల్లో భార్య విడిగా సంతకం చేసి ఆ హక్కు వదులుకుంటుంది. మనకు ఆమె పేరు తెలిసేది చాలాసార్లు అక్కడే.

వర్జీనియాలో వీలునామా లేకపోతే భూమంతా పెద్ద కొడుక్కే. ఈ పద్ధతిని రద్దు చేసిన చట్టం 1785లో వచ్చినా అమల్లోకి వచ్చింది 1787లో. లింకన్ తాత కెప్టెన్ అబ్రహం కెంటకీలో మూలవాసుల దాడిలో చనిపోయింది 1786లో. ఆ కొద్ది నెలల తేడాతో భూమి పెద్ద కొడుకు మార్డికైకి వెళ్లింది, చిన్నవాడు థామస్ ఖాళీ చేతులతో మిగిలాడు. తండ్రి భూమి పంపకంలో థామస్ పేరు లేదు కాబట్టి కొడుకు కాడు అనుకుంటే వంశం అక్కడే తెగేది.

మూడో ఉచ్చు సవతి తల్లి. పెన్సిల్వేనియా మార్డికై వీలునామాలో భార్య మేరీ. జాన్ మాత్రం మొదటి భార్య హానా సాల్టర్ కొడుకు. వీలునామాలో కనిపించే భార్య పిల్లలందరికీ తల్లి అని ఎక్కడా రాసి ఉండదు, మనమే ఊహించుకుంటాం. జాన్‌ను తండ్రితో కలిపింది ఆ వీలునామాలో అతనికి రాసిన న్యూ జెర్సీ భూమి. కొత్త రాష్ట్రంలో కాపురమున్నవాడికి పాత రాష్ట్రంలో భూమి ఉందంటే రెండు చోట్ల మనిషీ ఒకడేనని అంతకన్నా గట్టిగా చెప్పే కాగితం అరుదు.

ఆస్తి పట్టీల్లో బానిసలుగా ఉంచుకున్న మనుషుల పేర్లు, వయసులు, వెలలు పశువుల పక్కనే రాసి ఉంటాయి. ఆ పేర్లన్నీ వదలకుండా ఎత్తి రాయండి. 1870కి వెనక్కి వెళ్లలేక ఆగిపోయిన నల్లజాతి కుటుంబాలకు దొరికే ఆధారం చాలాసార్లు ఆ ఒక్క పట్టీయే.

దస్తావేజులు, చెక్కుబందీ

కొన్నవాళ్ల సూచిక, అమ్మినవాళ్ల సూచిక రెండూ చూడాలి. ధర ఐదు షిల్లింగులో "ప్రేమాభిమానాలతో" అనో ఉంటే చుట్టరికం ఉన్నట్టే. నలుగురైదుగురు భార్యాభర్తలు కలిసి ఒకే భూమి అమ్మితే వాళ్లు వారసులు. సాక్షులు, హద్దుల్లోని పక్క రైతులు, రిజిస్టరు చేసిన తేదీ కూడా ఎక్కించండి. రాసిన ఇరవై ఏళ్లకు రిజిస్టరు చేసిన దస్తావేజులు కోకొల్లలు. సంతకమా, నిశానీయా చూడండి. ఒకే ఊళ్లో ఇద్దరు జాన్‌లుంటే నిశానీ పెట్టేవాడెవడో, సంతకం చేసేవాడెవడో వాళ్లను విడదీస్తుంది.

వర్జీనియా, పెన్సిల్వేనియా దస్తావేజుల్లో హద్దులు ఇలా ఉంటాయి: తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఉత్తరానికి 40 డిగ్రీలు తూర్పుగా 120 పోల్స్... పోల్ అంటే 16.5 అడుగులు. నాలుగు పోల్స్ ఒక గొలుసు, 66 అడుగులు, వంద లింకులు. మన ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పటాల్లో పాత సర్వేవాళ్లు వాడిందీ ఈ గుంటర్ గొలుసే. వెయ్యి చదరపు లింకులు సెంటు అయినట్టే, అక్కడ 160 చదరపు పోల్స్ ఎకరం. 120 పోల్స్ అంటే 1980 అడుగులు. హద్దులను కాగితం మీద గీసి, పక్కవాళ్ల భూముల్ని కూడా గీసి అతికించండి. గీత మొదలైన చెట్టు దగ్గరికి తిరిగి చేరకపోతే గుమాస్తా నకలు రాసేటప్పుడు ఒక హద్దు వదిలేసి ఉంటాడు, లేదా ఉత్తరానికి బదులు దక్షిణం రాసి ఉంటాడు. ఒక్కో దిక్కు తిప్పి చూడండి. ఆ కొలతలు అప్పటి దిక్సూచివి కాబట్టి ఇప్పటి పటం మీద కొద్దిగా తిప్పితేగాని కూర్చోవు.

ఫ్యామిలీసెర్చ్ సైటులో చేతిరాత దస్తావేజులను యంత్రం చదివి వెతికిపెట్టే సదుపాయం 2024లో వచ్చింది. ఉచితం. పాత సూచికల్లో ఎక్కని సాక్షుల పేర్లూ ఇందులో దొరుకుతాయి. కానీ స్పెల్లింగులన్నీ ప్రయత్నించాలి. కెప్టెన్ అబ్రహం 1780 నాటి కెంటకీ భూమి వారంట్లలో ఉన్నది లింకన్ కాదు, "లింక్‌హార్న్". పొడవాటి ఎస్ అక్షరాన్ని యంత్రం ఎఫ్‌గా చదివిన చోట్లు కూడా తగులుతాయి.

టౌన్, చర్చి, కేలండరు

మసాచుసెట్స్ టౌన్లు 1639 నుంచే పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాయాలి. అన్నీ రాశారని కాదు. కనెటికట్‌కి పాత టౌన్ రికార్డులను ఒకచోట చేర్చిన బార్బర్ కలెక్షన్ ఉంది. అది సూచిక, అసలు కాదు. చర్చిలో ఒకే రోజు నలుగురు పిల్లలకు బాప్టిజం అయితే వాళ్లు కవలలు కారు, తల్లో తండ్రో ఆ రోజు చర్చిలో సభ్యత్వం తీసుకున్నారు. పెళ్లి ప్రకటన ఉన్నంత మాత్రాన పెళ్లి అయిందని కాదు.

డచ్ చర్చి రికార్డులు న్యూయార్క్‌లో ఒక వరం. తల్లి పుట్టింటి పేరుతోనే ఉంటుంది, బాప్టిజం సాక్షులు సాధారణంగా దగ్గరి చుట్టాలు. పెన్సిల్వేనియాకు వచ్చిన జర్మన్ల జాబితాలు 1727 నుంచి ఉన్నాయి, ఎక్కువగా 16 దాటిన మగవాళ్లే.

తేదీల దగ్గర జాగ్రత్త. 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పెళ్లి 1700 ఏప్రిల్, బిడ్డ పుట్టింది 1700 ఫిబ్రవరి అని ఉంటే కంగారు అక్కర్లేదు. ఆ ఫిబ్రవరి ఏప్రిల్ తర్వాత వచ్చింది, మన లెక్కలో 1701. దాన్ని 1700/01 అని రాసుకోండి. 1752 సెప్టెంబరు 2 తర్వాతి రోజు 14 అయింది. 1731 ఫిబ్రవరి 11న పుట్టిన జార్జ్ వాషింగ్టన్‌కు మనం 1732 ఫిబ్రవరి 22 అంటున్నది అందుకే. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు నెలలకు అంకెలు వేస్తారు. 1752కి ముందు మొదటి నెల మార్చి, పన్నెండో నెల ఫిబ్రవరి. ఎవరో ఒకరు ఇప్పటికే ఒకసారి మార్చి రాసిన తేదీని మీరు మళ్లీ మార్చకండి.

ఆనాటి చుట్టరికపు మాటలు కూడా ఇప్పటివి కావు. సీనియర్, జూనియర్ తండ్రీకొడుకులే కానక్కర్లేదు. ఊళ్లో ఒకే పేరున్న పెద్ద, చిన్న. పెద్దాయన పోగానే చిన్నాయన సీనియర్ అయిపోతాడు. "సన్ ఇన్ లా" సవతి కొడుకు కావచ్చు, "కజిన్" మేనల్లుడు కావచ్చు, "అనాథ" అని రాసిన పిల్లకు తల్లి బతికే ఉండొచ్చు. చనిపోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం ఆనవాయితీ కాబట్టి మొదటి పుట్టినరోజు రెండోవాడికి తగిలించకండి.

సముద్రం దాటడం

1620-1640 మధ్య న్యూ ఇంగ్లండ్‌కు వచ్చినవాళ్లు సుమారు 20 వేలమంది, ఓడల జాబితాలు కొన్నే మిగిలాయి. ఇంగ్లండ్ రిజిస్టర్లో అదే పేరుతో ఒక బాప్టిజం దొరికితే సరిపోదు, ఆ బిడ్డ అక్కడే చనిపోలేదని, అక్కడే పెళ్లాడలేదని కూడా చూడాలి. ఒంటరి మనిషిని కాక గుంపును వెతకండి. నార్ఫోక్‌లోని హింగమ్ నుంచి పీటర్ హోబర్ట్, రాబర్ట్ పెక్ అనే పాస్టర్ల చుట్టూ ఊరు ఊరే కదిలి కొత్త ఊరికి పాత పేరే పెట్టుకుంది. 1622లో అక్కడ బాప్టిజం అయిన శామ్యూల్ లింకన్ 1637లో, పదిహేనేళ్ల ప్రాయంలో వచ్చి కలిసింది ఆ గుంపులోనే. ఇంగ్లండ్‌లో మిగిలిన అన్నదమ్ముల వీలునామాల్లో "న్యూ ఇంగ్లండ్‌లో ఉన్న నా తమ్ముడికి" అన్న వాక్యం కోసం చూడండి.

వర్జీనియాలో మనిషిని తెచ్చినందుకు తలకు 50 ఎకరాలిచ్చేవారు. ఆ పట్టాలోని తేదీ వచ్చిన తేదీ కాదు. ఒకే మనిషిని ఇద్దరు ముగ్గురు తమ లెక్కలో చూపించిన సందర్భాలూ ఉన్నాయి.

ఒకే ఇంటిపేరు ఉన్న ప్రముఖుడి వారసులమనే వాదన తగిలితే యేల్ యూనివర్సిటీకి పేరిచ్చిన ఎలీహు యేల్‌ను గుర్తుంచుకోండి. బాస్టన్‌లో 1649లో పుట్టి, మద్రాసు గవర్నరై, సెయింట్ జార్జ్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో 1680లో పెళ్లాడాడు. ఆ పెళ్లివల్ల పుట్టిన ఒక్క కొడుకూ పసితనంలోనే పోయాడు. కనెటికట్ యేల్‌లు అతని బాబాయి థామస్ సంతతి. డబ్బు తీసుకుని గొప్ప పూర్వీకుల్ని అల్లిపెట్టిన గుస్టావ్ అంజూ వంటివాళ్ల వంశావళులు ఇంకా లైబ్రరీల్లో తిరుగుతున్నాయి. 1890లో మొదలైన డీఏఆర్ (డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్) సంఘం డేటాబేస్ ఉచితం, ఉపయోగకరం. అయితే తొలినాళ్ల దరఖాస్తులను ఇప్పుడున్నంత కఠినంగా పరిశీలించలేదు, కాబట్టి వాటిని దారి చూపే చీటీలుగా వాడుకోండి.

డీఎన్ఏ ఎంతవరకు

మామూలు ఆటోసోమల్ పరీక్ష (తల్లి, తండ్రి ఇద్దరి వైపు నుంచీ వచ్చే డీఎన్ఏది) ఐదారు తరాల దాకానే నమ్మకంగా పనిచేస్తుంది. ఎనిమిదో తరం పూర్వీకుడి నుంచి వచ్చేది సగటున 256లో ఒక వంతు, ఇంకా పైవాళ్లలో చాలామంది నుంచి అసలేమీ రాదు. వలసకాలపు కుటుంబానికి పనికొచ్చేది వై-డీఎన్ఏ, ఎందుకంటే అది తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా దిగుతుంది. మూలపురుషుడు అనుకుంటున్నవాడి ఇద్దరు వేర్వేరు కొడుకుల సంతతి నుంచి ఒక్కో మగవాడి చొప్పున పరీక్ష చేయించి, ఆ రెంటికీ మీ వైపు ఫలితాన్ని పోల్చండి. 37 మార్కర్ల (డీఎన్ఏలో పోల్చి చూసే చోట్లు) దగ్గర కలిస్తే ఒకే ఇంటిపేరు గుంపు అని అర్థమే కానీ, ఉమ్మడి పూర్వీకుడు ఓడ ఎక్కడానికి చాలా ముందువాడు కూడా కావచ్చు. అన్నదమ్ముల్లో ఏ శాఖో తేలాలంటే 111 మార్కర్లో, ఇంకా లోతుగా చూసే బిగ్ వై పరీక్షో కావాలి. అప్పుడు కూడా ఆ శాఖలో తండ్రి ఎవరో చెప్పాల్సింది పంపకం కాగితమో దస్తావేజో.